తెలివి దాచుకున్న వాడకట్టు

మొన్నొక సాయంత్రం మా పక్కింటి స్వప్న స్వీట్ల డబ్బా పట్టుకొని వచ్చింది. జగిత్యాలలో మేము ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి పక్కపక్కనే ఉంటున్నాం. నా వయసు చూసి పెద్దమ్మా అనాల్సింది, అక్కా అంటుంది, నాకూ అదే బాగుంటుంది. వాళ్ల చిన్నోడికి బడిలో ఏదో పరీక్ష పెట్టారట. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి, ఏది దేనికి జత కలుస్తుందో నొక్కమన్నారట. "మావోడు గిఫ్టెడ్ అట అక్కా" అంది. బడివాళ్లు వాడి ఫొటోతో ఫ్లెక్సీ చేయించి బస్టాండు దగ్గర కడతారట కూడా. నాకు నవ్వొచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. స్వప్న మొహం చిన్నబోయింది. డబ్బా బల్ల మీద పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి వెళ్లిపోయింది. నేను నవ్వింది వాళ్ల పిల్లగాణ్ణి చూసి కాదు. నా చిన్నప్పుడు సిరిసిల్లలో ఇలాంటి పరీక్షే పట్టుకొని ఒక మేడం వచ్చింది. వాడకట్టంతా భయపడి, దొంగలొస్తే ఇత్తడి బిందెలు దాచినట్టు పిల్లల తెలివిని దాచిపెట్టింది. ఆ సంగతి చెప్తే గానీ నా నవ్వు స్వప్నకు అర్థం కాదు.

మాది సాలెల ఇల్లు. వెనక రేకుల షెడ్డులో మా బాపువి రెండు సాంచాలుండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. తెల్లారింది మొదలు అవి టకటక కొట్టుకుంటూనే ఉండేవి. ఆ చప్పుడులోనే మేము పాఠాలు చదివాం, జోలపాటలు విన్నాం, కొట్లాడుకున్నాం. మా ఇంట్లో అందరి గొంతూ పెద్దదే. కరెంటు పోయి సాంచాలు ఆగితే, ఆ నిశ్శబ్దానికి మధ్యాహ్నం కునుకు తీస్తున్న మా బాపమ్మ ఉలిక్కిపడి లేచేది. ముందు అరుగు మీద మా అవ్వ, అదే మా అమ్మ, వాడకట్టు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల కిచకిచ. నా పుస్తకాలు, నా జడ, ఆఖరికి మా ఇంటి పెరుగు కూడా తంబాకు వాసన వేసేవి. ఇప్పటికీ ఏదైనా పాన్ డబ్బా ముందు నుంచి పోతుంటే మా అవ్వ కొంగు పట్టుకున్నట్టే ఉంటుంది.

ఇంటికి పెద్దదిక్కు మా బాపమ్మ, బాపు తల్లి. నిలువెత్తు మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. చాయ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటూ తాగేది. తాగుతున్నంతసేపూ ఎవరూ ఆమెను ఏమీ అడగకూడదు, తాగినాక ఏమైనా అడగొచ్చు. వాడకట్టులో ఎవరికి తగువొచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కొత్తవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు తినేది చూసేదాకా నమ్మేది కాదు. మనిషి కూర్చున్న తీరు అబద్ధమాడుతుంది, మాట అబద్ధమాడుతుంది, నోట్లో పెట్టే బుక్క అబద్ధమాడదని ఆమె లెక్క.

అవి అన్నలు, పోలీసులు అనే రెండు మాటలను పెద్దవాళ్లు గొంతు తగ్గించి పలికే రోజులు. దీపాలు పెట్టే వేళకు తలుపులు మూసేవాళ్లు. అడవిలోకి పోయినవాళ్ల పేర్లు చెప్పుకునేటప్పుడు మా వాడకట్టులో ఒక మాట తప్పకుండా వచ్చేది: 'మస్తు తెలివిగల్ల పిలగాడు'. జగిత్యాల కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు, నలుగురిలో నిలబడి మాట్లాడగలిగినవాడు, ఎక్కువ పుస్తకాలు చదివేవాడు. పోయేది వాళ్లే, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేదీ వాళ్లనే. అందుకే మా వైపు తల్లులకు కొడుకు మొద్దయితే మనసు నిమ్మళంగా ఉండేది. మొద్దుపిల్లగాడు పొద్దూకేసరికి అన్నానికి ఇంటికొస్తాడు కదా.

అట్లాంటి రోజుల్లో నిర్మల మేడం మా ఇంటికొచ్చింది. పట్నంలో మనస్తత్వ శాస్త్రం చదువుతూ పరిశోధన చేస్తోంది. ఊళ్లలో, పేద ఇళ్లలో తెలివైన పిల్లలు ఎంతమంది ఎవరి కంటా పడకుండా ఉండిపోతున్నారో చూడాలని బయల్దేరింది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల బడులు ఆమెకు ఇచ్చారు. ఒంటరి ఆడమనిషి లాడ్జిలో ఉండే రోజులు కావు కాబట్టి, మా బడి పెద్దసారు వచ్చి మా బాపును అడిగాడు. ముందు గది ఖాళీగానే ఉంది, ఉండనీ అన్నాడు బాపు. ఆమె ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో హార్మోనియం పెట్టెలాంటి గోధుమరంగు పెట్టెతో రిక్షా దిగింది. ఆ పెట్టె చూసి పాటలు నేర్పే మేడం అనుకున్నాను.

పిల్లల తెలివి కొలవడానికి వచ్చిందని బాపు చెప్తే బాపమ్మ సాసర్ కింద పెట్టింది. "తెలివి కొల్సుడేందిరా, కుంచంతోనా?" అని అడిగింది. మేడం నవ్వి, అలాంటిదే బామ్మగారూ అంది. ఆమె మాట అవతలి జిల్లాల మాట. బామ్మగారూ అని పిలిచినప్పుడల్లా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. ఆ రాత్రి బువ్వలోకి బాపమ్మ కావాలనే మిరపకాయలు ఎక్కువేసిన పుంటికూర వడ్డించింది. మేడం కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నా ఆగకుండా తిని, ఇంకొంచెం వేయమంది. ఆ ఒక్క అడగడంతో ఆమె మా ఇంటి మనిషయిపోయింది. తంబాకు ఘాటుకు మాత్రం వెళ్లిపోయేదాకా తుమ్ముతూనే ఉంది. అరుగు దాటి లోపలికి రావాలంటే ముక్కు మూసుకొని పరుగెత్తేది. ఆడవాళ్లు ఆమె పరుగు కోసమే ఎదురుచూసేవాళ్లు, తుమ్మినప్పుడల్లా నవ్వి చల్లగా బతుకు అని దీవించేవాళ్లు.

నేను అప్పుడు పై క్లాసుకు పోబోతున్న పిల్లను. సాయంత్రాలు మేడం నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని పెట్టె తెరిచేది. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు వేసిన చెక్కముక్కలు, వాటితో పేర్చాల్సిన నమూనాల అట్టలు, ఏదో ఒక భాగం గీయకుండా వదిలేసిన బొమ్మలు, దారి కనుక్కునే గీతల పద్మవ్యూహాలు. ఆమె ప్రశ్నలు చదివి వినిపించేది, మా దగ్గర దేన్నేమంటారో నేను చెప్పేదాన్ని. గాలిపటం కాదు మేడం, పతంగి అనాలి. గోంగూర అంటే ఎవరికీ తెలవదు, పుంటికూర అనాలి. 'వీలైనంత త్వరగా పూర్తి చెయ్యి' అంటే పిల్లలు మీ మొహమే చూస్తారు, 'జల్ది చెయ్యి' అంటే చేస్తారు. ఆమె బుద్ధిగా రాసుకునేది. నేను రాణిలా కూర్చుండేదాన్ని. పరీక్ష రోజున అందరికంటే ముందు నన్నే పిలుస్తుందని, చెక్కముక్కలు రెప్పపాటులో పేర్చేసి సిరిసిల్లలోనే తెలివైన పిల్లనని తేలిపోతానని నాకు ఏ అనుమానమూ లేదు.

పరీక్షలు మొదలయ్యాయి. ఒక్కొక్కరినే పెద్దసారు గదిలోకి పిలుస్తున్నారు. మా క్లాసులో నా తర్వాత పేర్లు కూడా కొన్ని వచ్చాయి, నా పేరు రాలేదు. ఇంటికొచ్చి అడిగితే, మేడం నా గడ్డం పట్టుకొని, ఆట ముందే చూసిన పిల్లకు పరీక్ష పెట్టకూడదని, నువ్వు నాకు సాయం చేసే దానివని మీ నాన్నకు మొదటిరోజే చెప్పానని అంది. బాపుకు చెప్పిందట, బాపు తలూపాడట, నాకు చెప్పడం మర్చిపోయాడట. సాంచాల చప్పుడులో ఏం చెప్పినా బాపు తలూపుతాడని పాపం ఆమెకేం తెలుసు. నేను షెడ్డులో నూలు కండెల బుట్ట వెనక కూర్చొని ఏడ్చాను. బాపమ్మ వచ్చి నా పక్కనే చతికిలబడి, ముక్కు తుడిచి, "నీకు కొలతనే లేదు పో బిడ్డా, ఎంత పెరుగుతవో పెరుగు" అంది. అది ఓదార్పో ఎగతాళో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ఇప్పటికీ నా తెలివి ఎంతో నాకు తెలియదు. తెలిసి ఉంటే అంతవరకే ఆగిపోయేదాన్నేమో.

నా జత ఎస్తేరు. వాళ్లమ్మ మార్తమ్మ నాట్లకు, కోతలకు కూలికి పోయేది, పొలం పని లేనప్పుడు మా అరుగు దగ్గరికొచ్చి బీడీలు చుట్టేది. అరుగు మీద కాదు, కింది మెట్టు మీద కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు, పైకి రమ్మనీ ఎవరూ అనలేదు. ఆ మెట్టు నాకు ఇప్పుడు కనపడినంతగా అప్పుడు కనపడలేదు. ఎస్తేరుతో వామనగుంటలు ఎవరూ ఆడేవాళ్లు కాదు. చింతగింజలు చేతిలోకి తీసుకోకముందే, చివరి గింజ ఏ గుంటలో పడుతుందో దానికి తెలిసిపోయేది. మనం పోస్తుంటే మొహం తిప్పుకొని వీధిలోకి చూసేది, మనం ఎక్కడ ఓడిపోతామో ముందే చూసేసినట్టు. నా లెక్కలన్నీ అదే చేసేది. దానికి లెక్కలు చేయడం ఇష్టం, నాకు చేయించుకోవడం ఇష్టం, స్నేహానికి అంతకంటే ఏం కావాలి.

ఎస్తేరు అన్న దానేలు జగిత్యాల కాలేజీలో చదివేవాడు. అతనిదీ అదే తెలివి. ఒకసారి కాలేజీలో ఏదో మీటింగులో మాట్లాడాడని తెలిసి, మార్తమ్మ వారం తిరక్కుండా అతన్ని చదువు మాన్పించి, ఎక్కడో దూరాన భీవండిలో మగ్గాలు నడిపే మా వాడకట్టు వాళ్లతో రైలెక్కించింది. అయినా పోలీసులు రెండుమూడుసార్లు వచ్చి కొడుకేడని అడిగారు. భీవండి అంటే నమ్మలేదు. తెలివైనవాడు భీవండికి మగ్గం నడపడానికి ఎందుకు పోతాడన్నారట. నిజానికి అతన్ని పంపింది ఆ మాట పడకూడదనే.

ఇక అసలు సంగతి. సిరిసిల్లలో కొంత పని కాగానే మేడం కోరుట్ల పోయింది, అక్కడి నుంచి జగిత్యాల బస్సెక్కింది. దారిలో పోలీసులు బస్సు ఆపి సామాన్లు తనిఖీ చేశారు. ఆమె పెట్టె చూసి అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగారట. తెరవమన్నారు. తెరిచింది. ఎరుపు తెలుపు చెక్కముక్కలు. ఇవేమిటంటే చెప్పింది. ఎస్సై నమ్మక, అయితే చేసి చూపించమన్నాడు. ఆమె చూపించింది. నేనూ చేస్తానని అతను జీపు బానెట్ మీద ముక్కలు పెట్టుకొని మొదలుపెట్టాడు. ఎంతకీ ఒక మూల కలవదు. వెనక నుంచి జవాన్లు ఇటు తిప్పండి సార్, అటు తిప్పండి సార్ అని సలహాలు. బస్సంతా కిటికీల్లోంచి చూస్తోంది. మేడంకు నవ్వు ఆగలేదు. ఎస్సైకీ నవ్వొచ్చింది, మర్యాదగా పెట్టె తనే మోసుకొచ్చి బస్సులో పెట్టాడు.

ఆమె చేసిన తప్పల్లా ఆ నవ్వే. బస్సులో మా వైపు వాళ్లున్నారు. పట్నం మేడం పోలీసులతో నవ్వుకుంటూ మాట్లాడింది, ఎస్సై ఆమె పెట్టె మోశాడు. ఆ ముక్క ఆమెకంటే ముందు ఊళ్లు చేరింది, చేరేసరికి పెరిగింది. తెలివిగల్ల పిల్లల పేర్లన్నీ రాసి ఠాణాలో ఇస్తుందట, పెద్దయి అడవిలోకి ఎవరు పోతారో ముందే పట్టుకోవడానికట. విన్నవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించలేదు. మా దగ్గర తెలివిని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు అప్పటిదాకా ఇంకెవరున్నారని.

జగిత్యాల అవతల, గొల్లపల్లి దాటినాక ఒక ఊళ్లో మేడం బడికి పోయేసరికి పిల్లలంతా మొద్దులైపోయి ఉన్నారు. నీ పేరేమిటంటే ఒకడు ఆలోచించి తెలవదన్నాడట. మేకకు కాళ్లెన్ని అంటే పక్కవాడి మొహం చూశాడట. ఒక పిల్ల చెక్కముక్క నోట్లో పెట్టుకొని కొరికి చూసిందట. అది మరీ ఎక్కువ నటన. మేడం ఆ పూటకు పెట్టె సర్దుకొని మా ఇంటికొచ్చేసింది. అరుగు మీది ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వలేదు, తుమ్మితే చల్లగా బతుకమనలేదు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు మా బడిలో మిగిలిన పిల్లలకు పరీక్ష పెట్టి సాయంత్రం వచ్చి, బాపుతో మెల్లగా, ఎస్తేరు అని ఒక పిల్ల ఉందండీ, పాపం ఏమీ తెలియదు, ఆ పిల్లకు వేరే సాయం కావాలేమో అంది.

నేను పక్కన కూర్చొని పల్లీలు ఒలుస్తున్నాను. పల్లీలన్నీ కింద పడేదాకా నవ్వాను. ఎస్తేరుకేం తెలవదా, నా లెక్కలన్నీ అదే చేస్తది అని అరిచి చెప్పాను. అందరూ నన్ను చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. బాపు సంగతంతా గ్రహించి, వాడకట్టులో అనుకుంటున్న మాట మేడంకు చెప్పాడు. ఆమె మొహం తెల్లబోయింది. తెరిచి ఉన్న పెట్టె మూసేసింది. తర్వాత మా అవ్వ కింది మెట్టు దగ్గరికి పోయి మార్తమ్మను అడిగింది. మార్తమ్మ బీడీ చుట్టడం ఆపలేదు. "తెలివున్నోన్ని ఒక్కన్ని భీవండికి తోలిన. పిల్లనన్న నా కండ్ల ముంగట ఉండనియ్యరా?" అంది. అవ్వ ఆ మాట లోపలికొచ్చి చెప్పింది. మేడం ఏడ్చింది. బాపమ్మ మాత్రం చాయ అడిగింది.

చాయ తాగి ఒక నిర్ణయానికొచ్చింది. ఆదివారం పొద్దున ఆడవాళ్లంతా చాటలతో వచ్చి కూర్చున్నాక, బాపమ్మ అరుగు మధ్యలో పీట వేసుకొని, పరీక్ష నాకు పెట్టు, అందరూ చూస్తారు అంది మేడంతో. పెట్టెలోని అసలు ప్రశ్నలు అందరి ముందూ చెప్పకూడదు కాబట్టి మేడం అప్పటికప్పుడు అలాంటివే కొన్ని కల్పించి అడిగింది. దారిలో మీకు ఎవరిదో సంచి దొరికితే ఏం చేస్తారు బామ్మగారూ అంది. అది ఎవరి సంచో చూస్తే నాకు తెలిసిపోదా అంది బాపమ్మ. తెలియదనుకోండి అంటే, ఈ వాడకట్టులో పుట్టని మనుషులు అడిగే ప్రశ్న ఇది అని తేల్చేసింది. అంకెలు చెప్తాను, వెనక్కి చెప్పండి అంటే, ముందుకే సరిగ్గా రావు, వెనక్కి ఎందుకు చెప్పాలి అంది. చెక్కముక్కలతో నమూనా పేర్చమంటే, అట్ట వైపు కన్నెత్తయినా చూడకుండా చక్కగా పొయ్యి కట్టింది. ఆవుకూ గుర్రానికీ పోలిక చెప్పమంటే కాసేపు ఆలోచించి, "రెండు మనయి గావు" అంది.

ఆడవాళ్లు ఒళ్లోని తునికాకు కింద పడేలా నవ్వారు. మేడం నవ్వలేక, రాయలేక, పెన్సిల్ కొరుక్కుంటోంది. బాపమ్మ ఆమె రాస్తున్న కాగితం వైపు చెయ్యి చూపించింది. "నా పేరు రాసినవా? ముసల్దానికి తెలివి లేదని రాయి. ఇగ చెప్పు, గీ కాయిదాలు ఎవలకిస్తవు?"

అప్పుడు మేడం పెన్సిల్ కింద పెట్టి, అందరికీ వినపడేలా నెమ్మదిగా చెప్పింది. కాగితాలు పట్నంలో తన గురువు దగ్గరికి పోతాయి, ఎవరికీ పేర్లు చెప్పరు. బాగా తెలివున్న పిల్ల దొరికితే, తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, సర్కారు హాస్టలు బడిలో సీటు కోసం రాస్తారు. తిండి, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. వద్దంటే ఆ కాగితం వాళ్ల చేతికే ఇచ్చేస్తాను, చింపేసుకోవచ్చు అంది. మరి పోలీసులతో ఎందుకు నవ్వావని ఎవరో అడిగారు. ఎస్సైకి మూల కలవలేదు, అందుకని నవ్వానంది. ఆ మాటకు కింది మెట్టు మీద మార్తమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వి, మళ్లీ సర్దుకొని, తెలివి ఉందని తేలితే పిల్లను ఎంత దూరం తోలుకుపోతారని అడిగింది. మేడం ఆ హాస్టలు బడి ఉన్న ఊరి పేరు, బస్సు ఎక్కడ మారాలో, సెలవులు ఎప్పుడెప్పుడొస్తాయో అన్నీ చెప్పింది. మార్తమ్మ విని, పెడితే పెట్టు, పొమ్మని మాత్రం నేను అనలేదు అంది.

ఎస్తేరు ముందు చూసిన బొమ్మలు మళ్లీ పెట్టకూడదని, మేడం తన దగ్గరున్న రెండో కట్ట తీసింది. మా లోపలి గదిలో చాప వేశారు. ఎస్తేరు తల్లి వైపు ఒకసారి చూసింది. మార్తమ్మ గడప బయట వీపు తిప్పి కూర్చొని బీడీలు చుడుతోంది. సాంచాల చప్పుడుకు మేడం మాట వినపడట్లేదని మా బాపు లేచి పోయి రెండు సాంచాలూ ఆపేశాడు. ఆయన పండక్కి తప్ప సాంచాలు ఆపిన మనిషి కాదు. ఆ నిశ్శబ్దానికి కరెంటు పోయిందేమోనని వాడకట్టువాళ్లు మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు. లోపల ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. కొన్నిసార్లు ఎస్తేరు చాలాసేపు మాట్లాడేది కాదు. అప్పుడు మార్తమ్మ చేతులు కూడా ఆగిపోయేవి. లోపల జవాబు వినపడగానే మళ్లీ కదిలేవి. పరీక్ష అయ్యాక మేడం బయటికొచ్చి మంచినీళ్లడిగి, చెంబెడు నీళ్లూ తాగింది. అంకె చెప్పలేదు. "ఈ అమ్మాయికి నా పెట్టె చాలలేదండీ" అంది మా బాపుతో. ఆయన ఈసారి విని తలూపాడు.

తర్వాత కొన్నాళ్లు మార్తమ్మ అరుగు వైపు రాలేదు. మేడం రోజూ అడగాలనుకునేది, బాపమ్మ కళ్లతోనే వద్దనేది. ఒకరోజు పొద్దున్నే మార్తమ్మ ఎస్తేరుకు తల నిండా నూనె పెట్టి, గట్టిగా రెండు జడలు వేసి తీసుకొచ్చింది. మేడం వైపు చూడకుండా బాపమ్మతో, "పోతదట" అంది. పోతానని ఎస్తేరు అనలేదని, ఆ మాట మార్తమ్మదేనని మా అందరికీ తెలుసు.

మేడం వెళ్లిపోయే రోజున అవ్వ మక్కగారెలు చేసి కట్టిచ్చింది. మేడం రిక్షా ఎక్కి, ఆఖరిసారిగా గట్టిగా తుమ్మింది. అరుగంతా ఒక్క గొంతుతో చల్లగా బతుకమంది.

హాస్టలు బడికి పోయిన ఎస్తేరు దసరా సెలవులకు ఇంటికొచ్చింది. నాతో బతుకమ్మ ఆడింది, తంగేడు పూలకు తిరిగింది. సెలవులు అయిపోయే ముందురోజు, నేనిక పోను అంది. అక్కడ తన మాట విని అందరూ నవ్వుతారట. గట్ల, గిట్ల అన్నా నవ్వే, ఏంది అన్నా నవ్వే. అందుకని క్లాసులో ఏమడిగినా తెలవదని చెప్పి కూర్చుంటోందట, అదైతే బాగా అలవాటేనట. నాకు చాలా సంతోషమైంది. ఇక నా లెక్కలకు దిగుల్లేదు. మర్నాడు పొద్దున్నే మార్తమ్మ బిడ్డ చెయ్యి పట్టుకొని బస్టాండుకు నడిచింది. వెనకే నేను. ఎస్తేరు ఏడుస్తూనే ఉంది. బస్సొచ్చింది. మార్తమ్మ ఆమెను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి కిందికి దిగి, కిటికీ చువ్వలు పట్టుకుంది. "మేడం ముంగట మొద్దుతీర్గ కూసొమ్మని నేనే చెప్పిన గదా. ఇప్పుడు నేనే చెప్తున్న, గట్ల కూసోకు బిడ్డా. నవ్వెటోల్లను నవ్వనియ్." బస్సు కదిలినాక కూడా ఆమె చువ్వలు వదల్లేదు, కొంతదూరం నడిచింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని, నా వైపు తిరిగి, బడికి పోవా ఏంది అని నన్ను కసిరింది.

ఇదంతా ఇప్పుడు జగిత్యాలలో కూర్చొని తలుచుకుంటుంటే నాకే కథలా ఉంది. ఇప్పుడు పిల్లవాడికి మాటలు రాకముందే తెలివి వెతుకుతున్నారు, దొరికిందో లేదో రూఢి కాకముందే పదిమందికీ చెప్తున్నారు. అప్పుడు పిల్లవాడి తెలివి కనపడితే తల్లికి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కనపడకపోతే పట్టట్లేదు. రెంటిలో ఏది మేలో చెప్పలేను. దానేలు అన్న భీవండి నుంచి చాలా ఏళ్లకు వచ్చి కోరుట్లలో జిరాక్సు దుకాణం పెట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు, మనవళ్లు ఉన్నారు. అతనితో కాలేజీలో చదివినవాళ్లలో కొందరు అసలు తిరిగి రాలేదు. వాళ్లమ్మలు నాకు తెలుసు. అతను కాగితాలు మెషీన్‌లో పెడుతూనే కాలేజీ పిల్లల లెక్కల్లో తప్పులు చూసి చెప్తుంటాడు. అతనికి ఎవరూ ఏ పరీక్షా పెట్టలేదు. ఆ ఇంట్లో ఇద్దరిలో ఒక్కరికే పెట్టారు. ఆ ఒక్కరికి కూడా, బాపమ్మ అరుగు మీద పొయ్యి కట్టి నవ్వించింది కాబట్టి.

ఎస్తేరు ఆ బడిలో మొద్దులా కూర్చోలేదు. పై చదువులు చదివి కాలువల శాఖలో ఇంజినీరయింది. ఉద్యోగమొచ్చిన కొత్తలో, నేను పుట్టింట్లో ఉన్న ఒక మధ్యాహ్నం, మా వాడకట్టులోకి సర్కారు జీపు వచ్చింది. అప్పటికి రోజులు కొంచెం సర్దుకున్నాయి గానీ, జీపు చప్పుడుకు తలుపులు వేసుకునే అలవాటు పోలేదు. టపటపా అందరి తలుపులూ పడ్డాయి. అందరికంటే ముందు పడ్డ తలుపు మార్తమ్మదే. జీపులోంచి నేత చీర కట్టుకొని ఎస్తేరు దిగింది. పోయి తలుపు తట్టి, నేనే అవ్వా అంది. కాసేపటికి తలుపు సందులోంచి ఒక కన్ను కనపడింది. తర్వాత తలుపు మొత్తం తెరుచుకుంది. తను పని చేసే కాలువ చూపిస్తాను రమ్మని ఎస్తేరు తల్లిని పిలవడానికొచ్చింది. మార్తమ్మ లోపలికి పోయి చర్చికి కట్టే తెల్లచీర కట్టుకొని వచ్చి, ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంటోంది, ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. మా బాపమ్మ అప్పటికి సరిగ్గా కనపడని కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, అరుగు మీద నిలబడి చూస్తోంది. డ్రైవరు జీపు స్టార్ట్ చేయగానే మార్తమ్మ అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"మెల్లగ పోనియ్ బిడ్డా" అంది. "అందరు సూడాలె."